మైనం చుక్క

"మేస్త్రిగారూ, మా మ్యూజియంలో నలభై పాత రేడియోలున్నాయి. పిల్లలొచ్చి నాబులు తిప్పి వింటారు. ముందు ఈ ఒక్కటీ శుభ్రం చేసి చూపించండి. పని నచ్చితే మిగతావీ మీకే."

ఆవిడ మాట పూర్తవకముందే మేస్త్రి కుర్చీ దులిపి వేశాడు. వేయడా మరి! ఏడాదిగా షాపులో ఈగలు తోలుకుంటున్నాడు. నెలాఖరుకి ఖాళీ చేయమని షాపు యజమాని చెప్పి వెళ్ళి మూడు రోజులైంది. ఈ నలభై సెట్లూ దక్కితే షాపు నిలుస్తుంది. లేదంటే వచ్చే నెల నుంచి ఇంట్లో కోడలి ఎదురుగా కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలి.

"ఎక్కడ దొరికిందమ్మా ఇది?"

"ఒకళ్ళింట్లో. చాలా ఏళ్ళుగా అటక మీదే ఉంది."

"ఇలాంటివి నా చేతిమీదుగా ఎన్ని పోయాయో! కళ్ళు మూసుకుని విప్పేస్తాను."

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. "మీరు చేస్తుంటే చూస్తాను" అని ఎదురుగా కూర్చుంది.

మేస్త్రికి కావలసిందీ అదే. చేతులతోపాటు నోరూ మొదలైంది.

"పాత సెట్టు కనబడగానే ప్లగ్గు పెట్టేస్తారమ్మా ఇప్పటి కుర్రకుంకలు. పొగొస్తుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లో కరెంటు దాక్కుని ఉంటుంది. ఎన్నేళ్ళ సెట్టయినా సరే, అది దించందే నేను చెయ్యి పెట్టను."

మెత్తటి బ్రష్షుతో వాల్వుల మధ్య దుమ్ము దులిపాడు. డయలు గాజు దగ్గర చెయ్యి ఆపాడు.

"దీన్ని లోపలివైపు తడిగుడ్డతో తుడిచామా, స్టేషన్ల పేర్లన్నీ గుడ్డకొచ్చేస్తాయి. అంతే, గోవిందా!"

ఆవిడ నవ్వలేదు. పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు అంత తేలిగ్గా నవ్వరులే అనుకున్నాడు మేస్త్రి.

నాబులు ఊడదీయబోతూ రేడియోని వెలుగులోకి తిప్పాడు. మూడు నాబులు. ప్రతి నాబు అంచులోనూ చిన్న బెజ్జం, అందులో స్క్రూ. రెండు బెజ్జాల్లో మైనం ఉంది. మూడోది ఖాళీ.

"చూశారా ఈ ఘనకార్యం! ఈ రకం సెట్లలో లోపలి ఇనుప చట్రమంతా కరెంటేనమ్మా. నాబు బిగించే ఈ స్క్రూకీ వస్తుంది. అందుకే దానిమీద మైనం చుక్క వేసి మూసేస్తారు. ఎవడో మహానుభావుడు నాబు విప్పి, బిగించి, మైనం వేయకుండా చక్కా పోయాడు."

"వేయకపోతే ఏమవుతుంది?"

"పెద్దవాళ్ళకి ఏం కాదు, ఆ బెజ్జంలో వేలు పట్టదు. పిల్లల వేలు పడుతుంది."

"పడితే?"

"ఇంకేముందీ, ప్రాణం పోతుంది."

ఆవిడ ఆ ఖాళీ బెజ్జం వైపు వంగి చూసింది. మేస్త్రికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. పని వచ్చినవాడికి పనిదొంగ మీద వచ్చే కోపం అది, నటన కాదు.

"ఒక్క చుక్క మైనమమ్మా! అగ్గిపుల్ల గీస్తే అయిపోయే పని. ఆ వెధవ చేతులు విరగ్గొట్టాలి."

"పొరపాటై ఉండొచ్చు కదండీ. పాపం, అప్పటికి చిన్న వయసేమో."

"పొరపాటేంటి? హత్య!"

నోరు జారానేమో అని భయపడ్డాడు. కానీ ఆవిడ మొహంలో మొదటిసారి శ్రద్ధ కనిపించింది. హమ్మయ్య, నలభై సెట్లూ మనవే అనుకున్నాడు.

"ఇదే మాట కాగితం మీద రాసిస్తారా?"

మ్యూజియం కమిటీకి చూపించడానికి కాబోలు. మేస్త్రి సొరుగంతా గాలించి, షాపు పేరున్న కాగితం తీసి గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'ఈ సెట్టును చివరిసారి విప్పిన మెకానిక్ నిర్లక్ష్యం వల్ల పిల్లల ప్రాణం పోయే ప్రమాదం ఉంది.' సంతకం పెట్టాడు. రబ్బరు స్టాంపు గుద్దాడు. తడారలేదని నోటితో ఊది మరీ ఇచ్చాడు.

ఆవిడ రెండుసార్లు చదివి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది.

"మరి మిగతావి ఎప్పుడు పంపిస్తారమ్మా?"

ఆవిడ లేచి, "మీరు మా ఇంటికొచ్చి దీన్ని బాగుచేసి వెళ్ళాక మళ్ళీ ముట్టుకున్నది మా చెల్లి ఒక్కతే మేస్త్రిగారూ, అది పోయిన రోజు 'పిల్ల ప్లగ్గులో వేలు పెట్టింది, తల్లి చూసుకోలేదు' అని మా అమ్మని నలుగురి ముందూ అన్నది కూడా మీరే" అంది.