నానని బొగ్గు

పొలంలో ఎవరో పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, పిడికెడు మట్టి తీసి వాసన చూస్తున్నాడు.

"ఏమండీ, ఎవరో మన పొలం కొలుస్తున్నారు," అంది భార్య.

"ముక్కుతోనా?" అన్నాడు భర్త.

అతను మొన్నమొన్నటిదాకా లారీ డ్రైవరు. ఇరవై ఏళ్లు స్టీరింగు తిప్పి, ఈ నాలుగెకరాలు చవగ్గా వస్తున్నాయని కొన్నాడు. కొన్నాక తెలిసింది, పొలమూ సెకండ్ హ్యాండ్ లారీలాంటిదేనని. చవగ్గా దొరికిందంటే లోపల ఏదో లేనట్టే.

ఏం లేదో మట్టి పరీక్ష చేసే ఆఫీసులో తేలింది.

"సార్, సారం ఎంతుందండీ?"

కళ్లద్దాలాయన కాగితంలోంచి తలెత్తలేదు. "సారు ఉన్నాడు గానీ సారం లేదయ్యా. అసలు పైమట్టే లేదు."

మొదటి పంట పోయింది. రెండోదీ పోతే పొలం అమ్మేసి మళ్లీ లారీ ఎక్కాలి. ఆవిడ బెంగంతా అదే. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ మొగుణ్ణి చూసినదానికన్నా హారన్ విన్నదే ఎక్కువ.

పెద్దాయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "పాత పంట చొప్ప తగలబెట్టకండమ్మా. నాకు వదిలెయ్యండి. బొగ్గు చేసి మీ పొలంలోనే కలుపుతాను."

"మీకేంటి లాభం?"

"నాకేం అక్కర్లేదు తల్లీ."

అక్కడ పుట్టింది ఆవిడకి అనుమానం. పుట్టడమేంటి, పుట్టగానే లేచి నడిచింది కూడా.

మర్నాడు పెద్దాయన గొయ్యి తవ్వి, చొప్పని పొరలు పొరలుగా కాల్చి, బూడిద కాకముందే నీళ్లు పోసి ఆర్పాడు. దీన్ని బయోచార్ అంటారన్నాడు.

"ఏ చారమైతేనేం లెండి," అన్నాడు డ్రైవరు. "ముందు సమాచారం, తర్వాత విచారం, ఆఖరికి మా గ్రహచారం."

పెద్దాయన నవ్వాడు. "ఊరికే తగలబెడితే పొగై గాల్లో కలిసిపోతుంది బాబూ. ఇలా కాలిస్తే బొగ్గై మట్టిలో వందల ఏళ్లుంటుంది. నీళ్లనీ ఎరువునీ జారిపోకుండా పట్టుకుంటుంది."

ఆయన అటు వెళ్లగానే ఆవిడ మొగుడి చెవి పట్టుకుంది.

"వందల ఏళ్లుండేదాన్ని మన పొలంలో ఎందుకు పాతుతున్నట్టు? రేపు నా సరుకుంది, నాకూ వాటా ఉందంటే?"

"బొగ్గుకి వాటా ఏంటే?"

"బొగ్గు గనులకి లేదా?"

డ్రైవరు చెవి విడిపించుకున్నాడు.

మొదటి విడత బొగ్గుని పెద్దాయన పేడనీళ్ల డ్రమ్ముల్లో రెండు వారాలు నానబెట్టి, బోరు పక్కనున్న మూలలో కలిపాడు. మిగతాది కుప్ప పోసి, ఇదీ నానాలన్నాడు.

"ఇంకో రెండు వారాలా?" అంది ఆవిడ.

"ఆకలి మీదున్న బొగ్గమ్మా ఇది. దీని కడుపు నింపకుండా పొలంలో వేస్తే మొక్క తిండి కూడా ఇదే లాక్కుంటుంది."

ఇంటికెళ్లాక ఆవిడ తేల్చి చెప్పింది. "బొగ్గుకి ఆకలేంటండీ, నా మొహం. ఇది నానబెట్టడం కాదు, నాన్చడం. ఇక్కడే తిష్ట వేసి ఏదో వెతుకుతున్నాడు."

మర్నాడు డ్రైవరు పెద్దాయనకి ఎదురెళ్లాడు.

"మీ సాయం చాలండి. ఇంక రాకండి."

పెద్దాయన ఎందుకని అడగలేదు. "నానబెట్టడం మాత్రం మర్చిపోకండి," అని పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"చూశారా, పార పట్టుకుని ఎలా పారిపోయాడో," అంది ఆవిడ.

కుప్పలో బొగ్గంతా మిగతా పొలంలో పొడిగానే చల్లేసి, దున్ని, ఆ మూలతో సహా మొక్కజొన్న విత్తారు.

నెలన్నర తిరిగేసరికి చేను పసుపెక్కింది. మొక్కలు మోకాలి దగ్గర ఆగిపోయాయి. లారీ ఓనరు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎప్పుడొస్తున్నావని.

"విషం కలిపాడండీ," అంది ఆవిడ.

"ఇక్కడ కలిపింది మనమే," అన్నాడు డ్రైవరు. "ఆయన కలిపింది అటుంది, చూడు."

బోరు పక్క మూలలో మొక్కజొన్న భుజాల ఎత్తున, నల్లటి ఆకుపచ్చతో నిలబడి ఉంది.

ఆవిడ ఆ మూలదాకా వెళ్లి, ఒక మొక్క పక్కన నిలబడి ఎత్తు చూసుకుంది.

పెద్దాయనకి డ్రమ్ములిచ్చిన దుకాణంలో ఆయన ఇల్లెక్కడో కనుక్కుని ఇద్దరూ బయల్దేరారు.

"ఈసారి ఏం అడుగుతాడో," అంది ఆవిడ దారిలో.

"ఏదడిగినా ఇద్దాం. ముందు మనిషి రానీ."

తలుపు ఆయన కూతురు తీసింది.

"నాన్న పోయి మూడు వారాలైందండీ. గుండె జబ్బు. డాక్టరు కదలొద్దన్నా వినలేదు, ఎండలో గోతులు తవ్వుకుంటూనే తిరిగారు."

డ్రైవరు గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. "మేమే రావద్దన్నామమ్మా ఆయన్ని. ఎవరో ఏమిటో తెలీని మాకు అంత చాకిరీ ఎందుకు చేశాడా అని అనుమానపడ్డాం."

"మీరెవరో నాన్నకీ తెలీదు," అంది కూతురు. "మీ పొలం తెలుసు."

ఆవిడ చటుక్కున మొగుడి వంక చూసింది, నే చెప్పలేదూ అన్నట్టు.

"వయసులో ఉన్నప్పుడు నాన్నకి ఇటుక బట్టీ ఉండేదండీ," అంది కూతురు. "ఆయన పైమట్టి గీకించి ఇటుకలు కాల్చేసిన పొలాలు పదకొండు, పదింటికి మళ్లీ ప్రాణం పోశారు, మీదొక్కటే మిగిలిపోయింది."