మూడో నామినేషన్

"నువ్వు నామినేషన్ వేసేది లేదు పాపా!"

దొరస్వామి, నరేంద్ర ఒకేసారి అన్నారు. అన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఐరాలకు దగ్గర్లోని ఆ ఊళ్లో ఒక పార్టీకి దొరస్వామి పెద్ద, రెండో పార్టీకి నరేంద్ర. పదేళ్లుగా ఒకరి ఇంటి పెళ్లికి ఇంకొకరు పోలేదు. అలాంటివాళ్లు ఒకే కారులో వచ్చి, తేజస్విని ఇంటి ముందు ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

ఈసారి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చింది. దొరస్వామి తన భార్య లోకేశ్వరిని నిలబెట్టాడు, నరేంద్ర తన భార్య రేవతిని. ఇప్పుడేమో డిగ్రీ పూర్తిచేసిన తేజస్విని కూడా ఏ పార్టీ లేకుండా నిలబడుతోందని నిన్నటి నుంచి ఊరంతా ఒకటే మాట.

"పోయినసారి మేం గెలిచింది పదకొండు ఓట్లతో," అన్నాడు దొరస్వామి. "మీ వీధిలోనే నూటిరవై ఉండాయి. నువ్వు దిగితే నా ఓట్లన్నీ యాడికి పోతాయి?"

"నీయి కాదప్పా, నాయి!" అన్నాడు నరేంద్ర.

"మా వీధి ఓట్లు మీవెట్లయినాయన్నా?" అంది తేజస్విని.

గడపలో నిలబడ్డ ఆమె తండ్రి మునిరామయ్య భయపడి అడ్డొచ్చాడు. "ఊరుకోమ్మా, పెద్దోళ్లతో మనకేల?"

"సరే, నామినేషన్ వెయ్యను," అంది తేజస్విని. ఇద్దరి ముఖాలూ వెలిగాయి. "అయితే మా వీధికి కొళాయి నీళ్లు రావాల. మలుపు కాడ పైపు ఆగిపోయి ఏడేండ్లాయ. అమ్మోళ్లు ఇంకా అర మైలు దూరం నుంచి బిందెలు మోస్తా ఉండారు."

"దాన్ని ఆపింది ఈళ్లే!" అన్నాడు నరేంద్ర.

"సగంలో ఇడిసిపెట్టి పోయింది మీ కాంట్రాక్టరు గదప్పా!"

"ఎవరాపినారో నాకొద్దన్నా. గెలిచినోళ్లు ఆర్నెల్లలో నీళ్లిస్తామని రాసియ్యండి."

"ఓడినోళ్లకు ఏం పని?" నరేంద్ర నవ్వాడు.

"అసలు పని వాళ్లదే. పైపు పని జరిగేటప్పుడు అడ్డం పడకూడదు. జరగకుంటే మాతో కూడా వచ్చి నిలదీయాల. అది గూడా రాయండి."

నరేంద్ర నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. చివరికి సరేనన్నారు. తేజస్విని ఆ మాటలన్నీ కాగితం మీద రాయగానే దొరస్వామి జేబులోంచి పెన్ను తీశాడు. "యాడ పెట్టాల సంతకం?"

"నువ్వు కాదన్నా. పోటీ చేసేది అక్కలు గదా, వాళ్లను పిలిపియ్యండి."

"ఆడోళ్లకెందుకు ఇయ్యన్నీ?"

"రేపు సర్పంచ్ కుర్చీలో కూర్చునేది ఎవరన్నా?"

పావుగంటలో లోకేశ్వరి, రేవతి వచ్చారు. వీధి ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. లోకేశ్వరి గబగబా సంతకం చేసింది. రేవతి మాత్రం కాగితం మొత్తం పైకి చదివింది.

"ఏందే, అంతసేపు?" అన్నాడు నరేంద్ర.

"నామినేషన్లో యాడ పెట్టమంటే ఆడ పెట్టినా. చదివి పెట్టేది ఇదొక్కటే," అని సంతకం చేసింది. సాక్షులుగా వీధిలో పదిమంది చేవ్రాళ్లు, వేలిముద్రలు పడ్డాయి.

కారు వెళ్లిపోయింది. ఈసారి అందులో నలుగురూ ఉన్నారు.

మునిరామయ్య బెంచీ మీద కూలబడ్డాడు. ఇందాకటి భయం పోయి, ఇప్పుడు మనసులో వెలితిగా ఉంది.

"వీధి వీధంతా నీ వెనకాలే ఉండాది గదమ్మా. గెలిచేదానివేమో. ఒక్క కాగితానికి అంత సులువుగా వదులుకుంటివే?"

"రెండు పార్టీలోళ్లూ ఓట్లు లెక్కేసినారే గానీ, నా వయసు అడగలేదు నాయనా," అంది తేజస్విని. "సర్పంచ్‌గా నిలబడాలంటే ఇరవై ఒకటి నిండాల. నాకు నిండేది వచ్చే ఉగాదికి గదా!"