వాగులో పురుగుల రిపోర్టు

కెమిస్టు లోపలికి వచ్చేసరికి ఆ రిపోర్టు యజమాని బల్ల మీద ఉంది. ఎదురు కుర్చీలో మేనేజరు మండిపడుతున్నాడు. మేనేజరంటే బయటివాడు కాదు, యజమానికి స్వయానా బావమరిది.

"చూడమ్మా, ఎవడో పనీపాటా లేనివాడు మన వెనక వాగులో పురుగులు ఏరి, వాటిని పరీక్ష చేయించి, మన ఫ్యాక్టరీ వల్లే వాగు విషమైపోతోందని పొల్యూషన్ బోర్డుకు రాసి పడేశాడు. వాళ్ళు జవాబు చెప్పమని దీన్ని మనకు పంపారు. కింద సంతకం పెట్టే ధైర్యం కూడా లేదు," అన్నాడు.

కుళాయిలకు నికెల్ పూత పెట్టే ఫ్యాక్టరీ అది. ఆమె పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. ఇద్దరు పిల్లల చదువులు ఆ జీతం మీదే నడుస్తున్నాయి.

ఆమె నిలబడే గబగబా పేజీలు తిప్పింది. మూడో పేజీలో ఒక అచ్చుతప్పు కనబడి పెదవి కొరుక్కుంది.

"ఇదంతా శుద్ధ అబద్ధమని రెండు ముక్కలు రాసివ్వు. నెలనెలా వాగు నీళ్ళు పరీక్ష చేసేది నువ్వే కదా. ఎప్పుడైనా తేడా వచ్చిందా?"

"నీళ్ళలో రాలేదు సార్."

"మరింకేం?"

యజమాని తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

 ఆమె రిపోర్టు మూసి బల్ల మీద పెట్టింది.

"నీళ్ళు పారిపోతాయి సార్. ఇవాళ మనం వదిలింది రేపటికి అక్కడ ఉండదు. పురుగు ఎక్కడికి పోతుంది? నెలల తరబడి అదే రాయిని పట్టుకుని ఉంటుంది. మొప్పల్లోంచి కొంత, తినే పాచిలోంచి కొంత, నికెల్ దాని ఒంట్లో చేరుతూనే ఉంటుంది. అందుకే నీళ్ళలో కంటే పురుగులో వందల రెట్లు ఉంది. ఆ పురుగుల్ని చేప తింటుంది. ఆ చేపని..."

"ఆ చేపని నేను తింటాను," అన్నాడు యజమాని.

మేనేజరు ముఖం కందగడ్డ అయింది. "ఇంతకీ నువ్వు జీతం తీసుకునేది మా దగ్గరా, పురుగుల దగ్గరా?"

"మీ దగ్గరే సార్. అందుకే ఉన్నమాట చెబుతున్నా. ఈ రిపోర్టులో తప్పేమీ లేదు. కావాలంటే ఆ మాటే రాసి, కింద నా సంతకం పెట్టి ఇస్తాను."

యజమాని కళ్ళజోడు పెట్టుకుని బావమరిది వైపు తిరిగాడు.

"ఊరూ పేరూ లేనివాడు చెబితే విననన్నావు. ఇప్పుడు మన కెమిస్టే చెబుతోంది. నీళ్ళు శుద్ధి చేసే యంత్రానికి ఇవాళే ఆర్డరు పెట్టు. అది బిగించేదాకా ఒక్క చుక్క వాగులోకి పోకూడదు."

"నీ ఇష్టం బావా," అని గొణుక్కుంటూ మేనేజరు లేచి వెళ్ళిపోయాడు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. దణ్ణం పెట్టి బయల్దేరింది. తలుపు దాటబోతుంటే యజమాని వెనక నుంచి పిలిచాడు.

"ఈ ఆదివారం వాగులో దిగేటప్పుడు నన్నూ ఓ కేకెయ్యమ్మా, ఆ పురుగుల బకెట్టు నువ్వొక్కదానివే మోసుకెళ్తుంటే మా మేడ మీంచి చూడలేకపోతున్నా."