బండి ఆగిన ఇల్లు

"ఇక్కడెందుకు ఆపావయ్యా? పోనీ ముందుకి!" వెనక కారులోంచి ఐరిస్ తల్లి అరిచింది.

బ్యాండు మేళం ఆగిపోయింది. ఐరిస్ తండ్రి గిమ్ సెన్ శవపేటిక ఉన్న బండి శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఒక ఇరుకు సందులో నిలబడింది. ఐరిస్ పరుగున డ్రైవర్ దగ్గరికి వచ్చింది.

"మా నాన్న ఇల్లు ఇది కాదు. ఊరి బయట, అమ్మ ఉండే ఇల్లు."

"పోయినవాళ్ళ ఇంటి ముందు బండి ఆపి వెనక తలుపు తెరవాలమ్మా. జీవుడు తన ఇల్లు ఒక్కసారి చూసుకుని పోతాడు. మీ నాన్న బతికుండగానే నాతో చెప్పారు, నా ఇల్లు ఇదేనని."

"ఇది మా మేనత్త గది!"

"నాకేం తెలుసు? తెరవమంటారా, పోనివ్వమంటారా?"

ఐరిస్‌కి బుర్ర తిరిగిపోయింది. కట్టుకున్న భార్య గడప వదిలేసి చెల్లెలి ఇంటి ముందు తలుపు తెరిస్తే, వెంట నడుస్తున్న ఇంతమందిలో అమ్మ తల ఎత్తుకోగలదా? తెరవకపోతే నాన్న ఆఖరి కోరిక ఏం కాను?

"ఆగండి, వస్తున్నా" అని మెట్లెక్కింది.

పెళ్ళీ పెటాకులూ లేని మేనత్త యూక్ హా పుట్టినప్పటినుంచీ ఆ ఒంటి గదిలోనే ఉంటోంది. గిమ్ సెన్ ప్రతి ఆదివారం ఆమెను చూడటానికి వచ్చేవాడు. ఐరిస్ తల్లి మాత్రం ఏనాడూ ఆ గుమ్మం తొక్కలేదు. అందరూ వదినా ఆడపడుచుల పంతం అనుకున్నారు.

"అత్తయ్యా, తన ఇల్లు ఇదేనని డ్రైవర్‌తో చెప్పాడట నాన్న. ఎప్పుడైనా ఇక్కడ ఉన్నాడా?"

"ఓడ దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు. పదిహేడేళ్ళ కుర్రాడు. కింద మా నాన్న కొట్లో బియ్యం బస్తాల మధ్య పడుకునేవాడు."

"కన్న కొడుకుని బస్తాల మధ్య పడుకోబెట్టాడా తాతయ్య?"

"గది ఇంతేగా మరి. ఎదిగిన పిల్లని నేనూ ఉన్నాను."

"బండి తలుపు తెరవడానికి ఇది చాలదత్తయ్యా. అమ్మకి ఏం చెప్పను? నువ్వు కూడా ఈ ఇరుకులో ఎందుకు పట్టుకు వేలాడతావు? మా ఇంటికి రారాదూ?"

"మీ దగ్గర పక్కింటివాడి పేరు తెలుసా నీకు? ఇక్కడ నాకు నాలుగు రోజులు దగ్గొస్తే కింది కొట్టువాడు గంజి పట్టుకొచ్చాడు. తిట్టుకుంటూనే తెచ్చాడనుకో." యూక్ హా గొంతు తగ్గించింది. "పక్క గది లియోంగ్ ఉన్నాడే, వాడు లియోంగే కాదు. ఆ రోజుల్లో చైనా నుంచి మనవాళ్ళని రానిచ్చేవారా? భూకంపం మంటల్లో ఈ ఊరి జనన దస్తావేజులన్నీ కాలిపోయాయి. దాంతో ఇక్కడి వాళ్ళ కొడుకులమని కాగితాలు కొనుక్కుని దిగారు జనం. ఈ సందుకి అందరి అసలు పేర్లూ తెలుసు. పోలీసులొచ్చి అడిగినా ఒక్కడు నోరు విప్పలేదు. ఇలాంటి చోటు వదిలి ఎక్కడికి పోనే?"

"మనకి ఆ గొడవ లేదు, అదే నయం" అంది ఐరిస్.

యూక్ హా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద హారన్ మోగింది.

"పోనివ్వు తల్లీ. తలుపు తెరవద్దు. మీ అమ్మ నొచ్చుకుంటుంది."

"పదిమందిలో చిన్నతనమంటే సరే, చెల్లెలి ఇంటి ముందు తెరిస్తే అమ్మ నొచ్చుకోవడమేమిటి? నాకేమీ అర్థం కావడం లేదు!"

డ్రైవర్‌కి పోనివ్వమని చెప్పడానికి ఐరిస్ కిటికీలోంచి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అమ్మ కారు దిగి, డ్రైవర్‌ని పక్కకి తప్పించి, శవం బండి తలుపు తనే బార్లా తెరిచింది. తర్వాత కిటికీ కేసి చూసి తల వంచి నమస్కరించింది.

యూక్ హా రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది.

"మీ అమ్మ దొడ్డ మనిషే."

"అమ్మే తెరిచిందేమిటి? ఏం జరుగుతోందత్తయ్యా? అసలు నువ్వు పెళ్ళెందుకు చేసుకోలేదు?"

"ఒకతను అడిగాడు. మా నాన్న సరేనన్నాడు. చట్టమే ఒప్పుకోలేదు."

"అతనికి అప్పటికే పెళ్ళయిందా?"

"లేదు."

"మరి?"

యూక్ హా బండి మీదనుంచి చూపు తిప్పలేదు.

"కాగితాల్లో నేను అతనికి చెల్లెల్ని."