ఎనిమిదుల జత

“కనాటా అంటే మావాళ్లు రోజంతా డ్రైవ్ చేయాలి అన్నయ్యగారూ. పెళ్లి విండ్సర్‌లోనే చేద్దాం,” అంది విశాలాక్షి, లాప్‌టాప్‌లో దూరిపోయేంతగా వంగి.

“మావాళ్లు విండ్సర్ రావాలన్నా అదే రోడ్డు కదా చెల్లెమ్మా,” అన్నాడు కనాటా నుంచి తెరమీదికొచ్చిన పెళ్లికొడుకు తండ్రి కేశవరావు. “ఈ ఒక్క విషయంలో మా మాట వినండి. కనాటా హాల్ వాళ్లతో మాట్లాడేశాను కూడా.”

“మాతో మాట్లాడకుండా హాల్ వాళ్లతో మాట్లాడేశారా?”

పెళ్లికూతురు అమృత, పెళ్లికొడుకు మహీధర్ ఒకళ్లనొకళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. ఊరేదో మీరే తేల్చుకోండని పెద్దవాళ్లకి వదిలేసి, ఇద్దరూ ఈ రెండు ఊళ్లకీ మధ్యనున్న టొరంటోలో సినిమాకి పోయారు. ఆ తేల్చడంలో అమృత తండ్రి రామమోహనరావు వాటా ఇంతవరకూ ఒక చిరునవ్వు మాత్రమే. ఆయన ఒళ్లో, బల్ల కింద, ఫోనుంది. ఫోన్లో సెంట్ల పందేల పేకాట నడుస్తోంది. ఆయన చేతికి ఇప్పుడే రెండు ఎనిమిదులు వచ్చాయి.

ఎనిమిదుల జత మహా చిక్కుది. ఆసుల జత వస్తే మనిషికి ధైర్యం వస్తుంది. రెండుల జత వస్తే వైరాగ్యం వస్తుంది. ఎనిమిదులు వచ్చినవాడికి ఆశ మాత్రమే పుడుతుంది.

ఎవరి చేతిలో రెండు ముక్కలు వాళ్లకి కాక, ఫోన్లోని బల్లమీద అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరుచుకున్నాయి. రాజు, ఆరు, రెండు. ఆయన కాక ఆటలో మిగిలింది ‘బెబ్బులి’ అని పేరు పెట్టుకున్న ఎవరో ఒక్కరే. బెబ్బులి పందెం కట్టింది.

చేతిలో ఇంకో రాజు ఉండి కట్టిందా, ఉత్త గాండ్రింపా? తన జత కన్నా పెద్ద ముక్క పడ్డాక ఎనిమిదుల్ని మర్యాదగా పడేయాలని ఆయనకీ తెలుసు. కానీ రామమోహనరావు మానసిక వైద్యుడిగా రిటైరైన మనిషి. ఎదుటివాడి భయాన్ని తవ్వి చూడకుండా తన భయాన్ని ఒప్పుకోవడం చేతకాదు. తానూ కట్టాడు.

విశాలాక్షి బల్ల కింద కాలు తొక్కింది. “మీరేమంటారు?”

“తొందరపడాల్సిన విషయం కాదు,” అన్నాడాయన, ఎనిమిదుల వంక చూస్తూ.

“వదినా, పోనీ మీరైనా చెప్పండి,” అంది విశాలాక్షి.

“నాదేముంది వదినా, ఆయన ఎలా అంటే అలాగే,” అంది కేశవరావు పక్కన కూర్చున్న కాంతం, తలెత్తకుండా.

అణిగిమణిగి ఉండే తత్వం, పాపం అనుకున్నాడు రామమోహనరావు.

నాలుగో ముక్క మళ్లీ రెండే. బెబ్బులి ఇంకాస్త పెంచింది. ఈయన పళ్లు బిగించి కట్టాడు. సరిగ్గా అప్పుడే తెరమీద కేశవరావు తెరిచిన నోరు తెరిచినట్టే బిగుసుకుపోయాడు. వీడియో ఆగిపోయింది. ఒళ్లో ఫోన్ మీద ‘బెబ్బులి కనెక్షన్ పోయింది’ అని మెరిసింది. కాసేపటికి కేశవరావు నోరు మూతపడింది. బెబ్బులీ తిరిగొచ్చింది.

రామమోహనరావుకి ఒళ్లు ఝల్లుమంది. ఒకే ఇల్లు, ఒకే ఇంటర్నెట్! మా వంశంలో పేక ముట్టినవాడు లేడని మొన్న అంత గొప్పగా చెప్పిన బావగారు!

ఆయనకి కోపం రాలేదు. లోకంలో తనలాంటివాడు ఇంకొకడున్నాడన్న ఊరట కలిగింది. ఆ వెనకే అంతకన్నా తియ్యని ఆలోచన వచ్చింది. ఫోన్లో మాటలు టైప్ చేసే చోట వేళ్లు ఆడించాడు.

“బావగారూ, దొరికిపోయారు. పెళ్లి సంగతి ఇక్కడే తేల్చేద్దాం. నేను గెలిస్తే విండ్సర్, మీరు గెలిస్తే కనాటా.”

జవాబు వెంటనే వచ్చింది. “సరే. మాట తప్పకూడదు.”

చివరి ముక్క మూడు. బెబ్బులి తన దగ్గరున్నదంతా ముందుకు తోసేసింది.

రామమోహనరావు తలెత్తి తెరమీది వియ్యంకుణ్ణి పరిశీలించాడు. కేశవరావు కింది పెదవి కొరుక్కుంటున్నాడు. నుదురు తుడుచుకుంటున్నాడు. పక్కకి దొంగచూపు చూసి, చటుక్కున కళ్లు తిప్పేసుకుంటున్నాడు.

“ఒంట్లో బాగాలేదా అన్నయ్యగారూ?” అంది విశాలాక్షి.

“అబ్బే, బాగానే ఉందమ్మా. ఇక్కడ... కొంచెం ఉక్కగా ఉంది.”

కేశవరావు వెనకున్న కిటికీ అవతల మంచు కురుస్తోంది. రామమోహనరావు నవ్వు ఆపుకున్నాడు. ఇంత స్పష్టమైన అబద్ధాన్ని తన క్లినిక్‌లో కూడా ఎన్నడూ చూడలేదు. రాజున్నవాడి మొహమేనా ఇది? ఉత్త చేతులతో బెదిరిస్తున్నాడు, దొంగ!

“విశాలా, ఇక నువ్వేం బాధపడకు,” అన్నాడు భార్య చెవిలో. “విండ్సర్ మనదే.”

ఉన్నదంతా కట్టేశాడు.

బెబ్బులి ముక్కలు తిరగబడ్డాయి. రాజు, రాణి. బల్లమీది రాజుతో కలిసి రాజుల జత. ఎనిమిదులు చచ్చిపోయాయి.

తెరమీద కేశవరావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గెలిచినవాడికి ఈ సిగ్గేమిటో రామమోహనరావుకి అంతుబట్టలేదు. తను చదివిన పుస్తకాల్లో దీనికి పేరు వెతుకుతున్నాడు.

అప్పుడు కాంతం మొదటిసారి తలెత్తింది. మొహం వెలిగిపోతోంది.

“ఉత్త ఎనిమిదుల్ని అంతదాకా లాక్కొస్తారా ఎవరైనా అన్నయ్యగారూ? సర్లెండి, కనాటాలో మీవాళ్లందరికీ హోటల్ గదులు నేను చూస్తాను.”