బిళ్ళ దొరకని మనిషి

"ఆ పుస్తకం జేబులో పెట్టు. ఇక్కడ చూసి చెప్పడాలు ఉండవు."

సంఘపెద్ద టోర్క్విల్ గొంతు ఖరాఖండిగా పలికేసరికి, పుస్తకం అందించబోయిన కొత్త మనిషి గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ వేళ శనివారం. తెల్లవారితే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. స్కాట్లండ్ వారి ఈ లూయిస్ దీవిలో ఆ బల్ల దగ్గర కూర్చోవాలంటే, ముందురోజు పెద్దల ఎదుట నిలబడి తన విశ్వాసమేమిటో తన నోటితో చెప్పుకోవాలి. చెప్పినవాడికి చిన్న సీసపు బిళ్ళ చేతిలో పెడతారు. బిళ్ళ లేనివాడు గోడవార బెంచీ మీద కూర్చుని చూడవలసిందే.

"పేరు?"

"లాక్లన్ అండీ. గ్లాస్గో మనిషిని. ఓడల్లో బొగ్గు పోస్తాను."

"ఆ గోళ్ళే చెబుతున్నాయిలే," అన్నాడు రెండో పెద్ద. పాస్టరుగారు నవ్వు ఆపుకున్నారు.

టోర్క్విల్ నవ్వలేదు. "విశ్వాసమంటే ఏమిటి?"

లాక్లన్ టోపీని రెండు చేతులా నలిపాడు.

"పొగమంచులో పడవ కనబడదండీ. అయినా తెడ్డు చప్పుడు వినబడితే చాలు, నాన్న వస్తున్నాడని తెలిసిపోతుంది. అదేనండీ."

"ఇదెక్కడి జవాబయ్యా! ఏ పుస్తకంలో ఉంది?"

లాక్లన్ చెయ్యి మళ్ళీ జేబు వైపు పోయింది.

"వద్దన్నానా!"

చెయ్యి ఆగిపోయింది.

"ఆ మాట నీది కాదు. ఎవరో చెప్పింది అప్పజెబుతున్నావు. అవునా, కాదా?"

"అవునండీ. నాకు చెప్పినవాడు..."

"చెప్పినవాడి సంగతి మాకెందుకు? నీ సంగతి చెప్పు."

లాక్లన్ జేబు మీద చెయ్యి అలాగే ఉంచి తల దించుకున్నాడు.

"పోనీలే టోర్క్విల్, దూరం నుంచి వచ్చాడు..." పాస్టరుగారు నసిగారు.

"పోనీ అంటే ఎలాగండీ? నా కన్నకొడుక్కే పోనీ అనలేదు నేను!"

పాస్టరుగారు తీయబోయిన బిళ్ళను మళ్ళీ పెట్టెలో వేసేశారు.

ఏడేళ్ళ కిందట, ఇదే గదిలో, ఇదే చోట పందొమ్మిదేళ్ళ ఫిన్లే నిలబడ్డాడు. నాలుక తడబడింది. ఒక్క జవాబూ పూర్తి కాలేదు. తండ్రే తల అడ్డంగా ఊపాడు. ఆ వారమే పిల్లవాడు తిమింగలాల వేటకు పోయే ఓడ ఎక్కేశాడు. మళ్ళీ ఉత్తరం ముక్క లేదు. పోయిన చలికాలంలో ఓడ యజమానుల నుంచి మాత్రం రెండు వాక్యాలు వచ్చాయి. జ్వరంతో పోయాడు. సముద్రంలోనే సాగనంపాం.

టోర్క్విల్‌కు కావలసింది ఆ రెండింటిలోనూ లేదు. కొడుకు ఏ నమ్మకంతో కన్ను మూశాడు? అసలు నమ్మకమంటూ ఉందా? భార్య ముందే పోయింది. రోజూ ఒంటరిగా గంజి తాగుతూ ఎదుటి ఖాళీ కుర్చీని అదే అడిగేవాడు. ఆ ఒక్క ముక్క చెప్పగలిగే మనిషి దొరికితే, వాడి కాళ్ళు కడగడానికైనా సిద్ధమే.

లాక్లన్ బిళ్ళ లేకుండానే వెళ్ళిపోయాడు.

ఆదివారం బల్లల మీద తెల్లగుడ్డ పరిచారు. రొట్టె చేతులు మారుతూ పోయింది. గోడవార బెంచీ మీద లాక్లన్ ఒక్కడే. అతను రొట్టె వైపు చూడటం లేదు. టోర్క్విల్ ముఖం వైపే చూస్తున్నాడు.

'ఉక్రోషం కాబోలు,' అనుకున్నాడు టోర్క్విల్. చూపు తిప్పేసుకున్నాడు.

సోమవారం ఓడ వెళ్ళిపోయాక, లాక్లన్‌కు బస ఇచ్చిన ఎఫీ టోర్క్విల్ ఇంటి తలుపు తోసుకుని వచ్చింది.

"నువ్వేం మనిషివన్నా! రెండురోజులూ ఆ మనిషికి ముద్ద గొంతు దిగలేదు." అట్ట చిరిగిన పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టింది. "ఓడ కనుమరుగయ్యేదాకా నీకు ఇవ్వొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"ఎందుకట?"

"బిళ్ళ ఇవ్వనన్నాక ఇది చూపిస్తే, పోయినవాడి పేరు చెప్పి అడుక్కున్నట్టు ఉంటుందట. బల్ల అయ్యాక ఎదుట పెడితే, నిన్ను దెప్పినట్టు ఉంటుందట. ఎవరు పోయారో ఏమో, నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు."

టోర్క్విల్ పుస్తకం తెరిచాడు. సంఘంలో పిల్లలందరూ వల్లెవేసే ప్రశ్నోత్తరాలే. కానీ ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిలుతో ఇంకో జవాబు ఉంది.

విశ్వాసమంటే ఏమిటి? పొగమంచు. తెడ్డు చప్పుడు. నాన్న.

ఆ వంకర అక్షరాలు అతనికి తెలుసు. పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించింది తనే. పొగమంచు కమ్మినప్పుడు ఒడ్డున నిలబడి, తన పడవ కోసం చెవులు రిక్కించిన పసివాడూ అతనికి తెలుసు.

"ఎఫీ! ఎక్కడికి వెళ్ళాడు? చిరునామా ఏమైనా ఇచ్చాడా?"

"చిరునామా ఎక్కడిదన్నా ఆ మనిషికి? ఏ ఓడలో పని దొరికితే ఆ ఓడే ఇల్లు అన్నాడు."

టోర్క్విల్ గుమ్మంలోకి పరుగెత్తాడు. సముద్రం మీద పొగ చార కూడా మిగల్లేదు.

దేవుడా, గుమ్మం దాకా వచ్చినవాణ్ణి నేనే తరిమేశానే!

చివరి పేజీ తిప్పాడు. అక్కడ అక్షరాలు మరీ నీరసంగా, ఒకదాని మీద ఒకటి పడిపోతూ ఉన్నాయి.

"నాన్నా, నువ్వు అడిగిన రోజు నాకు నోరు రాలేదు, ఈ ఓడలో లాక్లన్ అడిగినప్పుడు వచ్చింది, విని వాడు నమ్మాడు, నేనిక ఇంటికి రాలేను కనుక వాణ్ణి పంపుతున్నాను, నన్ను అడగాలనుకున్నవన్నీ వాణ్ణి కూర్చోబెట్టి అడుగు, నా జవాబు వాడే."