గేటు గంట

"వైరే వేద్దాం," అంది ఆమె.

"గేటు నుంచి వంటింటిదాకా తీగ లాగాలా? వైఫై పెడితే ఇక్కడి సర్క్యూట్ బోర్డూ అక్కడిదీ గాల్లోనే మాట్లాడుకుంటాయిగా," అన్నాడు భర్త.

"బోర్డులకి బ్యాటరీ ఉంది, వైఫైకి లేదు. మొన్న అమ్మ గేటు దాటి వెళ్ళింది కరెంటు లేనప్పుడే."

అతను తీగచుట్ట అందుకున్నాడు.

రేడియోలు బాగుచేసి ఆమెను చదివించిన తల్లికి ఈ మధ్య మతిమరుపు. వారంలో రెండుసార్లు బయటికి వెళ్ళి, తిరిగి దారి తెలియక నిలబడిపోయింది. గేటు తెరుచుకోగానే అక్కడి బోర్డు కబురు పంపాలి, వంటింట్లో బోర్డు అందుకుని గంట మోగించాలి. ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని సంగతి చెప్పలేదు.

మధ్యాహ్నానికి తీగ లాగడం అయింది. అతను గేటు తీశాడు. గంట మోగలేదు. మళ్ళీ తీశాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆమె గేటుకీ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అలా తిరుగుతూ తల్లి గదిలోకి తొంగిచూసింది.

మంచం ఖాళీ.

ఇద్దరూ వీధిలోకి పరుగెత్తారు. బస్టాపు, మందుల షాపు, పార్కు. "తెల్లజుట్టు, కళ్ళజోడు, పొట్టిగా ఉంటారు," అని ఎదురైనవాళ్ళనల్లా అడిగారు. ఎవరూ చూడలేదు.

"తీగల తగువులో పడి అమ్మను వదిలేశాను," అంది ఆమె.

"ఫోటో తీసుకుని పోలీస్ స్టేషనుకి వెళ్దాం పద."

ఫోటో కోసం ఇంటికొచ్చి గేటు నెట్టారు. లోపల గంట గణగణ మోగింది.

వంటింట్లో తల్లి స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో స్క్రూడ్రైవర్, పక్కన ఆరిన బట్టల కుప్ప.

"ఎక్కడికెళ్ళావమ్మా?"

"మేడ మీదికి. బట్టలు తేవద్దూ? దిగి చూస్తే మీరు లేరు, ఇదేమో మూగదానిలా పడుంది." తల్లి బోర్డు చూపించింది. "ఇది పంపే తీగని గేటు దగ్గరిది పంపే చోటే బిగించారు. ఇద్దరూ చెప్పేవాళ్ళయితే వినేదెవరే? ఇక్కడి రెండు తీగల్నీ అటుదిటు మార్చాను."

"ఇది... ఎవరైనా వస్తే తెలియడానికి, అత్తయ్యా," అల్లుడు నసిగాడు.

తల్లి స్క్రూడ్రైవర్ అతని చేతిలో పెట్టింది.

"దీన్ని నాకు దొరక్కుండా దాచెయ్యి బాబూ. వెళ్ళాలనిపించిన రోజున విప్పేస్తాను."